సంరక్షణ ఎవరి చేతిలో? విలాయతి బోర్డింగు చదువుపై ఒక సంవాదం

పదకొండు, పన్నెండేళ్ల పిల్లలను ఇంగ్లండులోని వసతి పాఠశాలలకు పంపాలనే ఆలోచన ఒకప్పుడు సంస్థానాధీశుల ఇళ్లలోనో పేరున్న బారిస్టర్ల ఇళ్లలోనో తప్ప వినిపించేది కాదు. ఇప్పుడది హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నాలలోని వైద్యుల, వ్యాపారుల, సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల ఇళ్లలోకీ వచ్చింది. చాలా ఇళ్లలో అది వేసవి శిబిరంతో మొదలవుతుంది. జూలై, ఆగస్టు నెలల్లో ఇంగ్లండు పాఠశాలలకు సెలవులు కాబట్టి, ఖాళీ అయిన హాస్టలు గదులను, మైదానాలను శిబిర నిర్వాహకులు అద్దెకు తీసుకొని, పొద్దున ఇంగ్లీషు పాఠాలు, మధ్యాహ్నం ఆటలు, వారాంతంలో లండను, ఆక్స్‌ఫర్డు యాత్రలు ఏర్పాటు చేస్తారు; రెండు మూడు వారాల తర్వాత ఇంటికి చేరిన పిల్లల హుషారు చూసి తల్లిదండ్రులు పూర్తికాలపు చదువు గురించి వాకబు చేయడం మొదలుపెడతారు.

ఆ పూర్తికాలపు చదువుకు పేరుపడిన పాత పాఠశాలలను ఇంగ్లండులో పబ్లిక్ స్కూళ్లు అంటారు. ఇవి ప్రభుత్వ బడులు కావు, ఫీజు కట్టి చదివే ప్రైవేటు సంస్థలు. వించెస్టర్ 1382లో, ఈటన్ 1440లో, హారో 1572లో ఏర్పడ్డాయి. విద్యార్థులను ‘హౌస్’ అనే నివాసాలుగా విభజించి, ఒక్కొక్క హౌస్‌ను అక్కడే కుటుంబంతో కాపురముండే హౌస్‌మాస్టరుకు, పిల్లల ఒంటి బాగోగులు చూసే మేట్రన్‌కు అప్పగించడం వీటి ముఖ్య లక్షణం. రగ్బీ పాఠశాలకు 1828 నుంచి 1842 వరకు ప్రధానోపాధ్యాయుడిగా ఉన్న థామస్ ఆర్నాల్డ్, చిన్న తరగతుల క్రమశిక్షణను పై తరగతి విద్యార్థుల చేతికే ఇచ్చే పద్ధతిని స్థిరపరిచాడు. ఈ నమూనా భారతదేశానికీ వచ్చింది: 1935లో మొదలైన డెహ్రాడూన్ డూన్ స్కూలుకు తొలి ప్రధానోపాధ్యాయుడు ఈటన్ నుంచి వచ్చినవాడే, జాగీర్దారుల బిడ్డల కోసం 1923లో బేగంపేటలో పెట్టిన జాగీర్దార్ కళాశాల, 1951లో హైదరాబాదు పబ్లిక్ స్కూలు అయింది.

ఈ సంవాదంలో వక్తలు ఇద్దరు. అల్లుడు వైద్యుడు, కొన్నేళ్లు బ్రిటన్ ప్రభుత్వ ఆసుపత్రులలో పనిచేసి హైదరాబాదులో స్థిరపడినవాడు, పదకొండేళ్లు నిండబోతున్న కొడుకును ఇంగ్లండులో చేర్చాలన్నది ఆయన పట్టుదల. మామగారు మదనపల్లెలో చరిత్ర బోధించి పదవీ విరమణ చేసినవారు; మనవణ్ణి పంపడం ఆయనకు సమ్మతం కాదు.

అల్లుడు: మామగారూ, పిల్లలను ఇంట్లో ఉంచుకోవాలా, దూరం పంపాలా అన్న ప్రశ్న మన రెండు రాష్ట్రాలలో ఏనాడో తేలిపోయింది. ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ పేరుతో కొందరిని, ఇంటర్మీడియట్‌కు వచ్చేసరికి వేల మందిని కార్పొరేటు కళాశాలల హాస్టళ్లలో వేస్తున్నాం. తెల్లవారకముందే లేపి రాత్రి పొద్దుపోయేదాకా స్టడీ అవర్లు, వారం వారం పరీక్షలు, మార్కులను బట్టి సెక్షను మార్పు, ఆటస్థలమే లేని అపార్ట్‌మెంటు భవనం: ఇదీ ఆ పిల్లల జీవితం. వారిలో కొందరు ప్రాణాలు తీసుకున్న వార్తలు ఏటా పత్రికల్లో వస్తూనే ఉన్నాయి. దీన్ని సహించే సమాజమే, ఇంగ్లండు పాఠశాల అనగానే బిడ్డను తల్లికి దూరం చేస్తున్నారని తప్పుపట్టడం న్యాయమేనా? అక్కడ తరగతిలో సాధారణంగా ఇరవై మందికి మించరు. ఆటలు, నాటకం, సంగీతం దినచర్యలో భాగాలు. పదహారేళ్లకు జీసీఎస్ఈ, అంటే తొమ్మిది పది సబ్జెక్టుల్లో రాసే మన పదో తరగతి స్థాయి పరీక్ష. ఆ తర్వాత రెండేళ్లు ఏ లెవెల్స్, అంటే విద్యార్థి తానే ఎంచుకున్న మూడు సబ్జెక్టులను లోతుగా చదివే దశ. గణితంతో చరిత్రను, రసాయన శాస్త్రంతో సంగీతాన్ని కలుపుకోవచ్చు. ఎంపీసీ, బైపీసీ తప్ప మూడో దారి ఎవరూ చూపించని చోట పెరిగే పిల్లవాడికి అది తక్కువ భాగ్యం కాదు.

మామగారు: మన హాస్టళ్ల గురించి అల్లుడుగారు చెప్పినదానిలో కాదనవలసినది ఏమీ లేదు. అయితే ఆ హాస్టలు చెడ్డదైనంత మాత్రాన ఈ హాస్టలు మంచిదని తేలదు. మనవడి ముందున్నవి ఈ రెండు దారులే కావు, ఇంటి నుంచి వెళ్లి ఇంటికి వచ్చే బడి మీ వీధి చివరే ఉంది. వసతితో కూడిన చదువే కూడదని ఇక్కడ ఎవరూ అనడం లేదు. పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా 1971లో నల్గొండ జిల్లా సర్వేల్‌లో గురుకుల పాఠశాల మొదలైనప్పుడు, ఊళ్లో సరైన బడి లేని పేద పిల్లలకు అది బతుకుదారి చూపింది. అక్కడ ఇల్లు వదలడానికి తగిన కారణం ఉంది. మీ ఇంట్లో ఆ కారణం ఏమిటన్నదే ప్రశ్న. పైగా పసిపిల్లలను సముద్రాలు దాటించే ఈ పద్ధతి ఎవరి అవసరంలోంచి పుట్టిందో కూడా చూడాలి. భారతదేశంలో ఉద్యోగాలు చేసిన ఆంగ్లేయులు తమ పిల్లలను ఆరేడేళ్లకే ఇంగ్లండు పంపేవారు. ఎండలకు, జ్వరాలకు భయపడటం ఒక కారణమైతే, ఆయాల దగ్గర పెరిగి దేశీయుల మాట, యాస పట్టుబడతాయన్న భయం రెండో కారణం. బొంబాయిలో 1865లో పుట్టిన రడ్యార్డ్ కిప్లింగ్‌ను ఆరేళ్లు నిండకముందే, మూడేళ్ల చెల్లెలితో సహా, 1871లో ఇంగ్లండులోని సౌత్‌సీ పట్టణంలో డబ్బు తీసుకొని పిల్లలను ఉంచుకునే ఒక పరాయి కుటుంబానికి అప్పగించి, వెళ్లిపోతున్నామన్న సంగతైనా చెప్పకుండా తల్లిదండ్రులు ఓడ ఎక్కారు. అక్కడ పడిన బాధను ఆయన 1888లో కథగా రాశాడు, కడపటి రోజుల్లో ఆత్మకథలోనూ రాశాడు. ఎంత కీర్తి వచ్చినా ఆ ఆరేళ్లు ఆయన మనసులోంచి పోలేదు.

అల్లుడు: అది నూట యాభై ఏళ్ల నాటి మాట. చిన్న తరగతి పిల్లవాడు పెద్ద తరగతివాడికి బూట్లు తుడిచి, రొట్టె కాల్చిపెట్టే ‘ఫ్యాగింగ్’ పోయింది. ప్రైవేటు పాఠశాలల్లో బెత్తం దెబ్బలను కూడా 1998 నాటి చట్టం ఇంగ్లండులో నిషేధించింది. ఈనాడు వసతి పాఠశాలలకు ప్రభుత్వం కనీస ప్రమాణాలు నిర్ణయించి తనిఖీలు చేయిస్తోంది. పిల్లవాడు ఇంటివారితో ఏకాంతంగా మాట్లాడుకునే వీలుండాలి; పాఠశాలతో సంబంధం లేని ఒక పెద్దమనిషికి తన కష్టం చెప్పుకొనే ఏర్పాటు ఉండాలి. మన హాస్టళ్లలో ఇలాంటి నిబంధన ఎక్కడుంది? బోర్డింగు పాఠశాలల్లో లైంగిక దురాగతాలు జరిగిన మాట నిజమే. కానీ బ్రిటన్ 2015లో చట్టబద్ధమైన అధికారాలతో విచారణ సంఘాన్ని వేసి, ఆ సంఘం వసతి పాఠశాలలపై 2022లో ప్రత్యేక నివేదిక ఇచ్చింది కాబట్టే ఆ సంగతులు బయటపడ్డాయి. అడగని చోట ఏమీ జరగలేదని అనుకోవడం పొరపాటు.

ఇక్కడ అల్లుడి మాటకు ఎదురు చెప్పడం కష్టం. తెలుగు రాష్ట్రాల ప్రైవేటు హాస్టళ్లపై అంతటి లోతైన బహిరంగ విచారణ జరగలేదన్న సత్యం, ఇంగ్లండును తప్పుపట్టే తెలుగువారందరి మీదా పడే బాకీ. మామగారు కూడా దీన్ని ఖండించలేదు. ఇంగ్లండులోనే ఎదిగివచ్చిన ఒక విమర్శను ముందుకు తెచ్చారు.

మామగారు: చట్టాలు మారిన మాట వాస్తవం, పిల్లవాడి వయసు మాత్రం మారలేదు. జాయ్ షావెరియన్ అనే బ్రిటిష్ మనోచికిత్సకురాలు, చిన్ననాడే బోర్డింగుకు వెళ్లిన పెద్దలకు ఏళ్ల తరబడి చికిత్స చేసి, వారిలో కనిపించిన లక్షణాలకు ‘బోర్డింగ్ స్కూల్ సిండ్రోమ్’ అని పేరుపెట్టి 2015లో ఆ పేరుతోనే పుస్తకం ప్రచురించారు. ఇల్లు గుర్తొచ్చి ఏడిస్తే తోటివారు నవ్వుతారని ఏడుపు దిగమింగడం నేర్చుకున్న పిల్లవాడు, పెద్దయ్యాక భార్యాబిడ్డల దగ్గర కూడా మనసు విప్పలేకపోవడం అందులో ముఖ్యమైనది.

అల్లుడు: వైద్యుడి దృష్టితో చూస్తే అది అంగీకృతమైన రోగనిర్ధారణ కాదు, మామగారూ. చికిత్స కోసం వచ్చినవారిని మాత్రమే చూసి చేసిన పరిశీలన, రానివారందరికీ ఎలా వర్తిస్తుంది? బోర్డింగులో సుఖంగా చదువుకొని, ఆ స్నేహాలను జీవితాంతం నిలుపుకొన్నవారు ఏ చికిత్సకుడి దగ్గరకూ వెళ్లరు కదా.

మామగారు: ఆ అభ్యంతరం సరైనదే, ఆ పుస్తకాన్ని కొలబద్దగా కాక హెచ్చరికగానే తీసుకుందాం. అసలు మాట వేరే ఉంది. ఆ దేశంలో పిల్లవాడికి పెద్దదిక్కు ఎవరు? తల్లిదండ్రులు విదేశంలో ఉంటే, బ్రిటన్‌లో నివసించే ఒక గార్డియన్, అంటే బాధ్యుడైన సంరక్షకుడు, ఉండాలని అక్కడి పాఠశాలలు చాలావరకు నియమం పెడతాయి. ప్రతి టెర్ము మధ్యలో వారం రెండు వారాల సెలవు వస్తుంది. ‘ఎగ్జియట్’ అనే వారాంతపు సెలవులలో కొన్ని హాస్టళ్లు పూర్తిగా మూసేస్తారు. ఆ రోజుల్లో పిల్లవాడు ఎవరి ఇంట్లో అన్నం తింటాడు? జ్వరమొస్తే, తోటివాడితో గొడవపడితే, బడి నుంచి ముందుగా ఎవరికి ఫోను వెళుతుంది? బంధువులు లేనివారు ఈ పనికి సంస్థలకు డబ్బు కడతారు. అలాంటి సంస్థలను తనిఖీ చేసి గుర్తింపు ఇవ్వడానికి 1994 నుంచి ఏజిస్ అనే సంఘం పనిచేస్తున్నది. దగ్గరి బంధువు కానివారి ఇంట్లో పదహారేళ్ల లోపు బిడ్డ 28 రోజులు, అంతకుమించి ఉంటే స్థానిక ప్రభుత్వానికి తెలియజేయాలని చట్టమూ ఉంది. ఇన్ని కట్టుబాట్లు అవసరమయ్యాయంటేనే అప్పగించేది ఎంత పెద్ద బాధ్యతో తెలుస్తుంది.

అల్లుడు: కట్టుబాట్లు ఉండటం బలహీనత ఎలా అవుతుంది? బాధ్యతను చట్టంలోకి తెచ్చిన దేశాన్ని మెచ్చుకోవాలి.

మామగారు: మెచ్చుకుందాం. అయితే సంరక్షణను చేతులు మార్చిన తండ్రికి చివరికి ఏం మిగులుతుందో మదనపల్లెలో చరిత్ర చెప్పినవారు మరిచిపోలేరు. ఆ ఊళ్లో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి పదేళ్ల వయసులో తల్లిని పోగొట్టుకున్నాడు. తండ్రి నారాయణయ్య 1909లో పిల్లలతో అడయారు చేరి దివ్యజ్ఞాన సమాజంలో పనికి కుదిరాడు. కృష్ణమూర్తిని, తమ్ముడు నిత్యానందను ఆ సమాజ అధ్యక్షురాలు అనిబిసెంట్ సంరక్షణలో ఉంచడానికి 1910లో ఆయనే రాతపూర్వకంగా ఒప్పుకున్నాడు. పిల్లలను ఇంగ్లండు తీసుకెళ్లారు. కొద్దికాలానికే తండ్రికి భయాలు, అనుమానాలు కలిగి, 1912లో పిల్లలను తిరిగి ఇప్పించమని మద్రాసు ప్రెసిడెన్సీలో దావా వేశాడు. హైకోర్టులో గెలిచాడు కూడా. కాని 1914లో లండనులోని ప్రివీ కౌన్సిల్, అంటే ఆనాటి సామ్రాజ్యపు అత్యున్నత న్యాయస్థానం, ఆ తీర్పును కొట్టివేసింది. అందులోని తర్కాన్ని మన న్యాయ కళాశాలల్లో ఇప్పటికీ పాఠంగా చెబుతారు. హిందూ ధర్మశాస్త్రం ప్రకారం తండ్రే సహజ సంరక్షకుడు. చదువు కోసం బిడ్డను ఇంకొకరికి అప్పగించవచ్చు గాని, ఆ అప్పగింతను వెనక్కి తీసుకొనే హక్కు ఆయనకు ఉంటుంది. అయినా బిడ్డ మేలు ఏదో విచారించకుండా తీర్పు చెప్పకూడదు, పిల్లలు ఇంగ్లండులో ఉన్నారు కాబట్టి ఆ విచారణకు అక్కడి కోర్టుకే వెళ్లాలి. సూత్రం తండ్రి వైపు నిలిచింది. బిడ్డలు మాత్రం ఇంటికి రాలేదు. నిత్యానంద 1925లో అమెరికాలో క్షయతో మరణించాడు. కృష్ణమూర్తి లండను మెట్రిక్యులేషన్ పరీక్షలో పలుమార్లు తప్పాడు. చిన్ననాటి తెలుగు ఆయనకు దూరమైంది, జీవితమంతా ఇంగ్లీషులోనే ప్రసంగించాడు.

అల్లుడు: ఆ ఉదాహరణ ఇక్కడ పూర్తిగా అతకదు, మామగారూ. ఆయనను తీసుకెళ్లింది జగద్గురువును చేయడానికి. పరీక్షలు, బడి ఆ పెద్ద ప్రణాళికలో చిన్న భాగాలు. పైగా ఆయన వసతి పాఠశాలలనే వద్దనలేదు; మదనపల్లెకు దగ్గరలోని రిషివ్యాలీ, ఇంగ్లండు హ్యాంప్‌షైరులో 1969లో మొదలైన బ్రాక్‌వుడ్ పార్క్, ఆయన స్థాపించినవే. అరవిందుల మాట చూడండి: ఏడేళ్లకే ఇంగ్లండు వెళ్లకపోతే, లండను సెయింట్ పాల్స్ పాఠశాలలో గ్రీకు, లాటిను చదవకపోతే, ఆ పాండిత్యం ఎక్కడిది?

మామగారు: బ్రాక్‌వుడ్‌లో చేర్చుకునేది పధ్నాలుగేళ్లు దాటినవారిని, పదకొండేళ్ల పసివాళ్లను కాదు. రిషివ్యాలీలో ఇంకా చిన్నవాళ్లు ఉంటారు, నిజమే. కానీ బిడ్డ బెంగపెట్టుకుంటే హైదరాబాదులో రాత్రి బస్సెక్కిన తల్లి తెల్లవారేసరికి ఆ ప్రాంతంలో దిగగలదు. అరవిందుల తండ్రి కృష్ణధన ఘోష్ కూడా మీలాగే వైద్యుడు, బ్రిటన్‌లో చదివినవాడు. పిల్లలకు భారతీయుల గాలి కూడా సోకకూడదన్న షరతుతో 1879లో ముగ్గురు కొడుకులను మాంచెస్టరులో ఒక మతబోధకుడి ఇంట్లో ఉంచి వచ్చాడు. తర్వాతి ఏళ్లలో డబ్బు సరిగా అందక ఆ పిల్లలు లండనులో చలికి, అర్ధాకలికి లోనయ్యారు. కొడుకు ఎక్కిన ఓడ మునిగిందన్న తప్పుడు వార్త విని ఆ తండ్రి ప్రాణం విడిచాడు. పధ్నాలుగేళ్ల తర్వాత 1893లో తిరిగివచ్చిన కొడుకును చూడనేలేదు. ఇరవయ్యేళ్లు దాటిన ఆ కొడుకు బరోడాలో కూర్చొని సొంత భాష బెంగాలీని గురువును పెట్టుకొని నేర్చుకోవలసి వచ్చింది. ఆయన మహనీయుడైంది ఆయన ప్రతిభ వల్ల. ఆ ఇద్దరన్నల పేర్లు ఎందరికి తెలుసు? దానికి భిన్నంగా, జవాహర్‌లాల్ నెహ్రూ 1905లో హారోలో చేరేనాటికి పదిహేనేళ్లవాడు. కట్టమంచి రామలింగారెడ్డి కేంబ్రిడ్జికి వెళ్లేనాటికి మద్రాసులో పట్టభద్రుడు, తెలుగులో కవి. భాష, మనసు కుదురుకున్న తర్వాత వెళ్లినవారు ఇంగ్లండు నుంచి తెచ్చుకున్నారు. అంతకుముందు వెళ్లినవారు ముందుగా ఇక్కడిది పోగొట్టుకున్నారు.

అల్లుడు: తెలుగు పోతుందన్న భయమైతే, హైదరాబాదులో ఇంటర్నేషనల్ స్కూలుకు వెళ్లే పిల్లల్లో తెలుగు చదవగలిగినవారు ఎందరు? రోజూ వీడియో కాల్‌లో తాతగారే నేర్పవచ్చు.

మామగారు: వేసవిలో నాలుగున్నర గంటలు, చలికాలంలో అయిదున్నర గంటలు మనకూ వారికీ తేడా. రాత్రి చదువు ముగించి తొమ్మిదింటికి పిల్లవాడు ఫోను పట్టుకునేసరికి ఇక్కడ అర్ధరాత్రి దాటి చాలాసేపవుతుంది. భాష పాఠం వల్ల కంటే ఇంట్లో పదిమంది మధ్య మసలడం వల్ల వస్తుంది. ఇంకొక సంగతి, తిరిగిరావడం. మన రెండు రాష్ట్రాల వృత్తివిద్యా కళాశాలల్లో 85 శాతం సీట్లు స్థానికులవి. అర్హత పరీక్ష రాసే ఏడాదితో కలిపి వరుసగా నాలుగేళ్లు ఇక్కడ చదివినవారిని స్థానికులుగా లెక్కించడం అందులో ప్రధాన నియమం. పదమూడు, పధ్నాలుగేళ్లు దాటి అక్కడే ఉండిపోయిన పిల్లవాడికి ఆ తలుపు మూసుకుపోతుంది. మధ్యలో మానిపిద్దామంటే బడికి ఒక పూర్తి టెర్ము ముందు నోటీసు ఇవ్వాలి, లేదంటే ఆ టెర్ము ఫీజు వదులుకోవాలి.

ఫీజుల గురించి ఇద్దరూ ఎక్కువసేపు మాట్లాడుకోలేదు. ప్రైవేటు పాఠశాలల ఫీజుపై 2025 జనవరి 1 నుంచి 20 శాతం వ్యాట్ పన్ను పడటంతో ఈటన్ వంటి చోట ఏడాది ఖర్చు అరవై వేల పౌండ్లు దాటింది. అంటే ఏటా అరవై లక్షల రూపాయలకు పైమాటే. అల్లుడు భరించగలడు. భరించలేనివారు ఆస్తులు అమ్మి పంపుతున్న సందర్భాల్లో, తండ్రి త్యాగం పిల్లవాడి నోరు నొక్కేస్తుందన్నది మాత్రం గుర్తించాలి; ఇల్లు అమ్మి పంపారని తెలిసిన బిడ్డ, ఇక్కడ ఉండలేనని చెప్పడానికి జంకుతాడు.

అల్లుడు: అయితే శిబిరం సంగతేమిటి? రెండు వారాలు వెళ్లివచ్చాక వాడే ఉంటానన్నాడు. పిల్లవాడి ఇష్టాన్ని కాదనడం కూడా పెత్తనమే కదా.

మామగారు: శిబిరానికి అభ్యంతరం లేదు, అది విహారయాత్ర అనుకున్నంతవరకు. మన బడులు జూన్ రెండో వారంలో తెరుస్తారు; వాళ్ల శిబిరాలు జూలైలో. బడి మానిపించి పంపాలి, అది చిన్న చిక్కు. పెద్ద చిక్కేమిటంటే, శిబిరం చూపించేది రాత్రి తొమ్మిదింటికీ వెలుతురుండే జూలై ఇంగ్లండును. మధ్యాహ్నం నాలుగింటికే చీకటిపడే డిసెంబరు, ఎవరితోనూ స్నేహం కుదరని మొదటి టెర్ము, పరీక్ష తప్పిన రోజు, అవేవీ శిబిరంలో ఉండవు. అక్కడి పాఠశాలలు చాలావరకు విద్యార్థిని చేర్పించిన ఏజెంటుకు కమిషను చెల్లిస్తాయి. శిబిరానికి పంపిన ఏజెంటే ప్రవేశానికీ సలహా ఇస్తుంటే ఆ సలహాను తూచి చూడాలి. పదకొండేళ్ల పిల్లవాడు ‘ఉంటాను’ అన్నది రెండు వారాల ఆటలకు ఇచ్చిన జవాబు, ఏడేళ్ల ఎడబాటుకు ఇచ్చినది కాదు.

అల్లుడు ఆ రోజు తన నిర్ణయాన్ని పూర్తిగా మార్చుకోలేదు. పదమూడేళ్ల ప్రవేశం వరకు ఆగడానికి ఒప్పుకున్నాడు, మామగారు పదహారంటారు. ఈ విషయంలో మామగారి పక్షమే సరైనది. ఏ లెవెల్స్ దశలో, తన మాటగా తానే అడిగి, ఎందుకు వెళుతున్నాడో చెప్పగలిగిన విద్యార్థికి ఇంగ్లండు పాఠశాల మేలు చేయగలదు; అంతకు చిన్నవాడి విషయంలో ఆ మేలుకు చెల్లించే మూల్యాన్ని తండ్రి కాక బిడ్డ భరిస్తాడు. అయినా పంపి తీరాలనుకునే తల్లిదండ్రులకు ఒక మనవి: దరఖాస్తులో గార్డియన్ అన్న చోట రాయబోయే మనిషి ఇంటికి ముందు మీరే వెళ్లి, నాలుగు రోజులు ఆ ఊళ్లో ఉండి, సెలవుల్లో మీ బిడ్డ పడుకోబోయే గదిని, తినబోయే భోజనాన్ని, ఆ ఇంట్లోని మనుషులను కళ్లారా చూసిన తర్వాతే సంతకం చేయండి.